పిల్లల తుంటి ఎక్స్‌రే చేతికొస్తే ఎక్కడ చూడాలి, ఏం అడగాలి

మొన్న ఒకాయన పొదిలి వైపు నుంచి ఏడేళ్ళ కొడుకుని తీసుకుని మా ఎక్స్‌రే రూముకి వచ్చాడు. ఫిల్ము చేతికివ్వగానే ట్యూబ్‌లైటుకి అడ్డం పెట్టి చూశాడు, చూసి మొహం పాలిపోయింది. "సార్, మా వాడి ఎముక ఈడ రెండు ముక్కలై ఉండాది గదా, మీరు చెప్పలేదే" అన్నాడు. ఆయన వేలు పెట్టిన చోట తొడ ఎముక తలకీ మెడకీ మధ్య సన్నటి నల్ల గీత ఉంది. "రెండో కాలు కూడా చూడండి, అక్కడా అదే గీత ఉంది, అటు కూడా విరిగిందంటారా?" అని అడిగితే రెండు పక్కలా మార్చి మార్చి చూసుకుని అప్పుడు ఊపిరి పీల్చుకున్నాడు. ఆ గీత పేరు గ్రోత్ ప్లేట్. పిల్లాడు పొడుగు అయ్యేది దాని వల్లే.

నేను నెల్లూరులో ఎక్స్‌రే టెక్నీషియన్‌ని, 19 ఏళ్ళుగా ఇదే పని. రోగం పేరు చెప్పడం నా పని కాదు, రిపోర్టు రాసేది రేడియాలజిస్టు, వైద్యం నిర్ణయించేది ఎముకల డాక్టరు. అయినా ఇది ఎందుకు రాస్తున్నానంటే, ఫిల్ము తీసుకున్న దగ్గర్నుంచి డాక్టరు దాన్ని చూసేదాకా ఒక్కోసారి వారం పడుతుంది, ఆ మధ్యలో ఇంట్లోవాళ్ళు పడే టెన్షన్ నేను రోజూ చూస్తాను. అంతకన్నా ముఖ్యంగా, అమ్మానాన్నలు సరైన ప్రశ్న ఒక్కటి అడిగి ఉంటే బాగుపడగలిగిన కీళ్ళు కొన్ని నా కళ్ళ ముందే పాడైపోయాయి. ఆ ప్రశ్న ముందే చెప్పేస్తాను, మిగతాది తీరిగ్గా చదువుకోండి. పిల్లాడు మోకాలు నొప్పి అంటున్నాడు, మోకాలి ఎక్స్‌రే బాగుందన్నారు, అయినా కుంటుతూనే ఉన్నాడు అంటే, "తుంటికి కూడా తీయించమంటారా సార్?" అని అడగండి.

ముందు ఆ నల్ల గీత సంగతి

ఆవకాయకి కాయలు కొనేటప్పుడు టెంక పట్టిందా లేదా అని చూస్తాం కదా. లేత కాయలో కత్తి ఏ అడ్డూ లేకుండా దిగిపోతుంది, టెంక రావాల్సిన చోటు అక్కడే ఉంటుంది కానీ ఇంకా గట్టిపడలేదు. పసిబిడ్డ ఎముకలు కూడా చాలా చోట్ల అట్లాగే ఉంటాయి. పుట్టినప్పుడు తొడ ఎముక తల మొత్తం మృదులాస్థి, అంటే మన చెవి డొప్పలో చేతికి తగిలే మెత్తటి పదార్థం లాంటిది. కిరణాలు దాంట్లోంచి సులువుగా వెళ్ళిపోతాయి, అందుకే ఫిల్ము మీద అది కనపడదు. కాల్షియం చేరి గట్టిపడిన భాగం మాత్రమే తెల్లగా పడుతుంది. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య ఆ మెత్తటి తల నడిమధ్యలో శనగగింజంత ఎముక మొదలవుతుంది, అది నెలనెలా పెరిగి చివరికి గుండ్రటి తల అవుతుంది.

తల గట్టిపడ్డాక కూడా తలకీ మెడకీ మధ్య ఒక పలచటి పొర మెత్తగానే మిగులుతుంది. అదే గ్రోత్ ప్లేట్. అక్కడ కొత్త కణాలు వరుసగా పుడుతూ ఉంటాయి, మెడ వైపు చేరిన పాత కణాలు ఎముకగా మారుతూ ఉంటాయి, కాలు పొడుగు అవుతుంది. తొడ ఎముక పొడుగులో దాదాపు 30 శాతం ఈ పైనున్న ప్లేటు ఇస్తే, మిగతా 70 శాతం మోకాలి దగ్గరున్న ప్లేటు ఇస్తుంది. పిల్లలు పెద్దయ్యాక ఇది మూసుకుపోతుంది, ఆడపిల్లల్లో సుమారు 14 నుంచి 16 ఏళ్ళకి, మగపిల్లల్లో 16 నుంచి 18 ఏళ్ళకి. మూసుకున్నాక కొంతమందిలో ఆ చోట ఒక సన్నటి తెల్ల గీత చాలా ఏళ్ళు మిగిలిపోతుంది, పెద్దవాళ్ళ ఫిల్ములో అది కనపడినా కంగారు పడే పని లేదు.

ఇలాంటి మెత్తటి గీతలు తుంటి చుట్టూ ఇంకా ఉన్నాయి. తొడ ఎముక పైభాగంలో బయటివైపు పొడుచుకొచ్చిన బుడిపె సుమారు నాలుగేళ్ళకి విడి ముక్కలా కనిపించడం మొదలవుతుంది, లోపలి వైపు చిన్న బుడిపె 11, 12 ఏళ్ళప్పుడు. తుంటి గిన్నె, అంటే తొడ ఎముక తల కూర్చునే గుంట, దాని అడుగున మూడు ఎముకలు కలిసే చోట మూడు పాయల మెత్తటి గీత ఉంటుంది, ఫిల్ములో అది గిన్నె అడుగు చీలినట్టు కనపడుతుంది. ఆడపిల్లల్లో 12 ఏళ్ళ దరిదాపుల్లో, మగపిల్లల్లో 14 ఏళ్ళ దరిదాపుల్లో అది మూసుకుపోతుంది. వీటిని చూసి విరిగిందని భయపడి ఏడ్చినవాళ్ళని చాలామందిని చూశాను. గ్రోత్ ప్లేట్ గీత అంచులు నున్నగా ఉంటాయి, కొంచెం అల తిరిగినట్టు ఉంటుంది, రెండు పక్కలా ఒకే చోట ఒకే మందంలో ఉంటుంది. రెండు పక్కలా ఒకేలా లేకపోతే అప్పుడు ఆలోచించాలి, అందుకే పిల్లల తుంటి ఫోటో అంటే రెండు తుంట్లూ ఒకే ఫిల్ములో ఉండాలి. ఒక్క వైపే తీసిస్తే పోల్చి చూడటానికి ఏమీ ఉండదు.

చూసే ముందు, ఫిల్ము సరిగ్గా పడిందా లేదా

దీన్ని ఎవరూ పట్టించుకోరు, కానీ సగం అపార్థాలు ఇక్కడే పుడతాయి. ఫిల్ము మూలలో ఎల్ అనో ఆర్ అనో ఇంగ్లీషు అక్షరం ఉంటుంది, ఎడమ, కుడి అన్నమాట. బిడ్డ మీకు ఎదురుగా నిలబడి ఉన్నట్టు చూడాలి, మీ ఎడమ చేతి వైపు కనిపించేది బిడ్డ కుడి కాలు. ఫిల్ముని తిరగేసి ఫోటో కొట్టి వాట్సాప్‌లో చెన్నైలో ఉన్న బంధువుకి పంపితే అక్కడ కుడి ఎడమ అయిపోతుంది. ఆ అక్షరం తిన్నగా చదవగలిగేలా ఉందో లేదో చూసుకుని పంపండి.

తర్వాత పెల్విస్, అంటే నడుము కింద కటి ఎముకలు, వాటి కింది భాగంలో రెండు కళ్ళలాగా రెండు రంధ్రాలు కనపడతాయి. రెండూ ఒకే సైజులో ఉంటే బిడ్డ తిన్నగా పడుకున్నట్టు. ఒకటి వెడల్పుగా, ఒకటి సన్నగా ఉంటే ఒంటిని పక్కకి తిప్పాడన్నమాట, అలాంటి ఫిల్ములో బాగున్న గిన్నె కూడా లోతు తక్కువగా కనపడొచ్చు, గీతలు గీసి కొలిచి లాభం లేదు. పాదాల బొటనవేళ్ళు కొంచెం లోపలికి, 15 డిగ్రీలంత తిప్పి తీస్తాం, అప్పుడే మెడ పూర్తి పొడవులో పడుతుంది. ఏడ్చే పిల్లల్ని అలా పట్టుకోవడం కష్టం, అమ్మగానీ నాన్నగానీ సీసం ఏప్రాన్ వేసుకుని పక్కన నిలబడి పట్టుకుంటే పని త్వరగా అవుతుంది. (గర్భంతో ఉన్నవాళ్ళు మాత్రం రూములోకి రావద్దు, ఇంకొకరిని పంపండి.) మొలతాడు, దానికి కట్టిన తాయెత్తు, వెండి బిళ్ళ ముందే తీసేయండి, నిక్కరు జిప్పూ బొత్తాలూ కూడా. తాయెత్తు సరిగ్గా తుంటి మీద పడి మళ్ళీ తీయాల్సి వచ్చిన సందర్భాలు లెక్కలేనన్ని. తీయడానికి ఇంట్లో పెద్దవాళ్ళు ఒప్పుకోకపోతే పైకి జరిపి ఛాతీ మీద పెట్టినా చాలు.

రెండో ఫోటో గురించి తప్పకుండా అడగండి. మోకాళ్ళు మడిచి, తొడలు రెండు పక్కలకీ పడేసి, కప్ప పడుకున్నట్టు పడుకోబెట్టి తీసేది ఒకటి ఉంది. తిన్నగా తీసినదాంట్లో దాక్కున్నవి చాలావరకు ఇందులో బయటపడతాయి. రేడియేషన్ ఎక్కువైపోతుందేమో అని చాలామంది ఒక ఫోటో చాలంటారు. పెద్దవాళ్ళ పెల్విస్‌కి తీసే ఒక ఎక్స్‌రే అంటే మట్టిలోంచి, గాలిలోంచి మనకి ఎలాగూ కొన్ని నెలల్లో తగిలే రేడియేషన్‌తో సమానం, పిల్లలకి ఇంకా తక్కువ డోసు పెడతాం. అవసరమైన రెండో ఫోటో వద్దనుకుని రోగం దాటిపోనిస్తే పడే నష్టం దానికన్నా చాలా పెద్దది.

చంటిబిడ్డల తుంటి

నాలుగు నెలల లోపు బిడ్డకి పుట్టుకతోనే తుంటి జారి ఉందేమోనని అనుమానం ఉంటే ఎక్స్‌రేకి పరుగెత్తొద్దు. చూడాల్సిన తల అప్పటికి మెత్తగానే ఉంటుంది, మా మిషన్‌కి కనపడదు. అల్ట్రాసౌండ్‌లో కనపడుతుంది. ఆస్ట్రియాలో గ్రాఫ్ అనే ఎముకల డాక్టరు 1980లో ఈ పద్ధతి చూపించాడు, ఇప్పుడు చాలా చోట్ల అదే వాడుతున్నారు. నాలుగైదు నెలలు దాటాక ఎక్స్‌రే పనికొస్తుంది.

ఎవరికి అనుమానించాలి అంటే, కడుపులో అడ్డం తిరిగి పిర్రలు ముందుకొచ్చి పుట్టిన బిడ్డలు, తొలిచూలు ఆడపిల్లలు, ఇంట్లో ఎవరికైనా చిన్నప్పుడు తుంటి జారిన చరిత్ర ఉన్నవాళ్ళు. ఎడమ తుంటికి ఎక్కువగా వస్తుంది. ఇంట్లో మీరు గమనించగలిగింది ఏమిటంటే, గుడ్డ మార్చేటప్పుడు ఒక తొడ రెండోదానంత పక్కకి తెరుచుకోదు. లేదా వెల్లకిలా పడుకోబెట్టి రెండు మోకాళ్ళు మడిచి పాదాలు ఆనిస్తే ఒక మోకాలు కిందికి కనపడుతుంది. నడక వచ్చాక కుంటడం, రెండు వైపులా ఉంటే బాతులా ఊగుతూ నడవడం.

ఇక ఫిల్ములో చూసే పద్ధతి. ఫిల్ముని తిన్నగా ఫోటో తీసి, ఫోనులో ఫోటో మీద గీతలు గీసే సదుపాయం తెరవండి. రెండు గిన్నెల అడుగున మెత్తటి గీత ఉన్న నల్ల సందులు కనపడతాయని చెప్పాను కదా, ఆ రెండిటినీ కలుపుతూ ఒక అడ్డ గీత గీయండి. గిన్నె పైకప్పు బయటి కొన నుంచి కిందికి ఒక నిలువు గీత దించండి, అడ్డ గీతని కోస్తూ పోవాలి. ఇప్పుడు తుంటి చుట్టూ నాలుగు గళ్ళు ఏర్పడ్డాయి. తొడ తలలోని ఆ ఎముక గింజ కింది లోపలి గడిలో ఉండాలి. బయటి గడిలోకి వచ్చిందంటే గిన్నె అంచుకి చేరిందని, పై బయటి గడిలో ఉందంటే పూర్తిగా జారిపోయిందని అర్థం. రిపోర్టులో హిల్గెన్‌రైనర్ లైను, పెర్కిన్స్ లైను అని రాసేది ఈ రెండు గీతల్నే.

ఇంకొకటి, నాకు అన్నిటికన్నా నమ్మకమైనది. తొడ మెడ కింది అంచు వెంబడి వేలు పెట్టి లోపలికి జరుపుకుంటూ పోండి, అది నేరుగా పెల్విస్ రంధ్రం పై అంచులోకి కలిసి, పాత మిద్దెల గుమ్మం మీద కట్టే ఆర్చిలాగా ఒకే వంపుగా సాగాలి. దీన్ని షెంటన్ లైను అంటారు. ఆర్చి మధ్యలో మెట్టు పడితే తల పైకి జరిగిందని అర్థం. పెద్దపిల్లల్లో, పెద్దవాళ్ళలో కూడా ఇది పనికొస్తుంది. గిన్నె పైకప్పు ఏటవాలు కూడా కొలుస్తారు, ఏడాది బిడ్డలో అది 25 డిగ్రీల లోపుకి వచ్చేసి ఉండాలి, 30 దాటితే గిన్నె లోతు తక్కువని అనుమానిస్తారు. జారిన వైపు ఎముక గింజ రెండో వైపుకన్నా చిన్నదిగా ఉండటం, ఆలస్యంగా రావడం కూడా గుర్తే.

ఆరు నెలల లోపు దొరికితే చాలామందికి బెల్టులతోనే, పావ్లిక్ హార్నెస్ అంటారు, కాళ్ళు మడిచి విడదీసి ఉంచి నయం చేస్తారు. ఆరు నెలలు దాటితే మత్తు ఇచ్చి సరిచేసి నడుము నుంచి కాళ్ళ దాకా కట్టు వేయడం, ఏడాదిన్నర దాటితే ఎక్కువమందికి ఆపరేషనే. ఇన్ని నెలల తేడాతో ఇంత తేడా వస్తుంది కాబట్టే అంగన్‌వాడీకి, స్కూళ్ళకి వచ్చే ఆర్‌బీఎస్‌కే టీము (పిల్లల ఆరోగ్యం చూసే ప్రభుత్వ కార్యక్రమం వాళ్ళు) చూసే జబ్బుల జాబితాలో పుట్టుకతో వచ్చే ఈ తుంటి లోపం కూడా పెట్టారు. వాళ్ళు వచ్చినప్పుడు బిడ్డని దాచిపెట్టకండి, చూపించండి.

నీళ్ళు పోశాక బిడ్డ కాళ్ళు రెండూ చాపి కర్రలా బిగించి గుడ్డ చుట్టడం మన ఇళ్ళల్లో ఇంకా ఉంది. కాళ్ళు పట్టుకుని తలకిందులుగా లేపి ఆడించడం కూడా. ఒక పెద్దామెకి ఇది చెబితే "మా పిలకాయలందరికీ ఇట్టాగే చుట్టినాం నాయనా, ఎవరికేమైంది?" అని అడిగింది. "చుట్టండి పెద్దమ్మా, ఛాతీ దాకా వెచ్చగా చుట్టండి, కాళ్ళు మాత్రం మడుచుకునేందుకు వదులుగా ఉంచండి" అన్నాను, సరేనంది. పెద్దవాళ్ళతో గొడవ పడక్కర్లేదు, ఇంతే అడగండి. చంకనెత్తుకోవడం మాత్రం మనవాళ్ళ మంచి అలవాటు. బిడ్డ కాళ్ళు మన నడుముకి రెండు పక్కలా మడిచి విడిపోయి ఉంటాయి, తల గిన్నెలోకి సరిగ్గా కూర్చునే భంగిమ అదే.

నాలుగు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లలు కుంటుతుంటే

ఈ వయసులో ఎక్కువమందికి వచ్చేది జలుబు, జ్వరం తగ్గిన వారం పదిరోజులకి తుంటిలో నీరు చేరి కుంటడం. ఎక్స్‌రే మామూలుగా ఉంటుంది, కొన్ని రోజుల విశ్రాంతితో తగ్గిపోతుంది. ఎక్స్‌రే బాగుంది కాబట్టి ఏమీ లేదు అనుకోవడం మాత్రం ఒక్క చోట ప్రాణం మీదికి తెస్తుంది. 38.5 డిగ్రీలు, అంటే ఫారెన్‌హీట్‌లో 101 దాటిన జ్వరం, కాలు కింద పెట్టనివ్వడు, తొడ కదిలిస్తే కేకలు పెడతాడు, అలాంటప్పుడు కీలులో చీము ఉండొచ్చు. చీము పట్టిన మొదటి రోజుల్లో ఎక్స్‌రే మామూలుగానే ఉండొచ్చు. రక్తపరీక్ష, అల్ట్రాసౌండ్ అదే రోజు కావాలి, రాత్రయినా సరే పెద్దాసుపత్రికి వెళ్ళండి, తెల్లారాక చూద్దాం అనుకునే జబ్బు కాదది.

పెర్థెస్ అనేది ఇంకో రకం. తొడ తలకి వెళ్ళే రక్తం ఆగిపోయి, ఆ ఎముక చచ్చి, మళ్ళీ రెండు నుంచి నాలుగేళ్ళలో తనంతట తాను కొత్తగా పుడుతుంది. మగపిల్లల్లో నాలుగైదు రెట్లు ఎక్కువ. బొద్దుగా ఉండేవాళ్ళకన్నా సన్నగా, పొట్టిగా, ఒక్కచోట కుదురుగా కూర్చోని పిల్లల్లో ఎక్కువగా చూస్తాం. నొప్పి పెద్దగా ఉండదు, సాయంత్రానికి కుంటుతాడు, పొద్దున్నే బాగుంటాడు, అందుకే నెలల తరబడి ఎవరూ పట్టించుకోరు. మన దేశంలో కర్ణాటక ఉడిపి తీరంలో ఇది ఎక్కువని మణిపాల్ డాక్టర్లు దశాబ్దాలుగా దీని మీద పనిచేస్తున్నారు.

ఫిల్ములో ఇది దశలు దశలుగా కనపడుతుంది. మొదట్లో ఏమీ ఉండకపోవచ్చు, లేదా ఆ వైపు తల కొంచెం చిన్నదిగా, గిన్నెకీ తలకీ మధ్య సందు కొంచెం ఎక్కువగా. తర్వాత తల రెండోవైపుకన్నా తెల్లగా, సుద్దముక్కలా అవుతుంది. కప్ప ఫోటోలో తల పై అంచు కింద గోరుముద్ర లాంటి సన్నటి నల్ల వంపు కనిపిస్తే అది లోపల ఎముక చితికిన గుర్తు, తిన్నగా తీసిన ఫోటోలో ఇది చాలాసార్లు కనపడదు. ఆ తర్వాత తల ముక్కలు ముక్కలుగా, చెదలు తిన్నట్టు కనపడుతుంది. అమ్మానాన్నలు ఎక్కువగా భయపడేది ఈ దశ ఫిల్ము చూసే. కానీ పాత ఎముకని ఒళ్ళు ఏరి తీసేస్తున్న దశ అది, దాని వెనకే కొత్త ఎముక వస్తుంది. ఈ సమయంలో తల తడిమట్టి ముద్దలా మెత్తగా ఉంటుంది కాబట్టి అది గిన్నెలోపలే ఉండి గుండ్రంగా గట్టిపడేలా చూడటమే వైద్యమంతా. తల బయటి వైపు మూడోవంతు ఎంత ఎత్తు నిలిచింది అని డాక్టరు చూస్తారు, ఆ భాగం కూలకుండా ఉంటే మంచిది. ఆరేళ్ళ లోపు వచ్చినవాళ్ళకి చాలావరకు బాగా నయమవుతుంది. మూడు నాలుగు నెలలకోసారి ఫిల్ము తీస్తారు, ప్రతి ఫిల్మునీ మునుపటి దాని పక్కన పెట్టి చూస్తేనే అర్థమవుతుంది.

మనకి టీబీ మాట కూడా మరిచిపోకూడదు. అసలు ఎక్స్‌రేలు రాకముందు కుంటే పిల్లలందరికీ టీబీ అనే ముద్ర వేసేవారు. 1895లో రాంట్జెన్ ఈ కిరణాలు కనిపెట్టాక, 1910లో అమెరికాలో లెగ్, ఫ్రాన్సులో కాల్వే, జర్మనీలో పెర్థెస్ ఎవరికి వారు ఇది టీబీ కాని వేరే జబ్బని రాశారు. మన దగ్గర రెండూ ఉన్నాయి, పైగా తుంటి టీబీ ఒక్కోసారి అచ్చం పెర్థెస్ లాగే కనపడుతుంది. మద్రాసులో డాక్టర్ షణ్ముగసుందరం తుంటి టీబీని ఎక్స్‌రే రూపాన్నిబట్టి ఏడు రకాలుగా విడదీసినప్పుడు ఒక రకానికి పెర్థెస్ రకమనే పేరు పెట్టారు, ఇంకో రకానికి తల అరిగి గిన్నె వెడల్పయి రోట్లో రోకలి ఉన్నట్టు కనపడుతుందని ఆ పేరే పెట్టారు. టీబీలో కీలు చుట్టూ ఎముక పలచబడి బూడిదరంగుకి మారుతుంది, అంచులు కొరికినట్టు అవుతాయి, సందు నెమ్మదిగా తగ్గిపోతుంది. రాత్రిళ్ళు నిద్రలో ఉలిక్కిపడి ఏడవడం, బరువు తగ్గడం, ఇంట్లో ఎవరికైనా దగ్గు టీబీ ఉండటం, ఇవి డాక్టరుకి తప్పకుండా చెప్పండి, ఫిల్ము ఒక్కటే వాటిని చెప్పలేదు.

పది నుంచి పదహారేళ్ళు: తొడ ఎముక తల జారడం

ఇది నేను మనసు పెట్టి చెబుతున్నాను. కొన్నేళ్ళ కిందట ఒక పదమూడేళ్ళ పిల్లాడు వచ్చాడు, హాస్టల్లో ఉండి చదువుకునేవాడు, కొంచెం లావు. చీటీలో కుడి మోకాలు అని రాసి ఉంది. రెండు నెలలుగా మోకాలు నొప్పి అని వాళ్ళ నాన్న చెప్పాడు. ఆ పిల్లాడు కుడి పాదం బయటికి తిప్పి నడుస్తున్నాడు. టేబుల్ మీద పడుకోబెట్టి కాలు మడిచినప్పుడు తొడ తిన్నగా రాకుండా దానంతటదే బయటికి పోయింది. రెండూ నా కళ్ళతో చూశాను. చీటీలో ఉన్నదే తీశాను, మోకాలు బాగుంది, నొప్పి మాత్రలిచ్చి పంపించారు. ఆరు వారాల తర్వాత బాత్రూంలో చిన్నగా కాలు జారితే ఇక లేవలేకపోయాడు, ఆటోలోంచి మోసుకొచ్చారు. ఈసారి తుంటికి తీస్తే తల మెడ మీద నుంచి పూర్తిగా పక్కకి వెళ్ళిపోయి ఉంది. ఆపరేషన్ అయింది కానీ తలకి రక్తం అందక తర్వాత కీలు పాడైంది. ఆ రోజు నేను బయటికెళ్ళి "డాక్టరు గారూ, నడక చూస్తే తుంటిలా ఉంది, అది కూడా తీయమంటారా" అని ఒక్క మాట అడిగి ఉండాల్సింది. అప్పటినుంచి ప్రతి పిల్లాడికీ అడుగుతున్నాను.

తుంటికీ మోకాలికీ ఒకే నరం కొమ్మలు వెళతాయి, అందుకే తుంటిలో పుట్టిన నొప్పి మోకాలి లోపలి వైపు తెలుస్తుంది. పిల్లాడు అబద్ధం చెప్పడం లేదు, వాడికి నిజంగా అక్కడే నొప్పి. ఒళ్ళు వేగంగా పెరిగే వయసులో గ్రోత్ ప్లేట్ మందంగా, బలహీనంగా ఉంటుంది, దాని మీద బరువు ఎక్కువైతే తల కింద మెడ ముందుకీ పైకీ జరిగిపోతుంది, పుట్టగొడుగు కాడ మీద గొడుగు ఒరిగినట్టు. లావుగా ఉన్న మగపిల్లల్లో ఎక్కువ. పదేళ్ళ లోపే వచ్చినా, సన్నగా ఉన్న పిల్లకి వచ్చినా థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు కూడా చేస్తారు.

ఫిల్ములో చూడటం సులువే. మెడ పై అంచు వెంబడి స్కేలు పెట్టి ఒక తిన్నటి గీత పైకి పొడిగించండి. ఆ గీత తల బయటి భాగాన్ని కొంచెం కోసుకుంటూ పోవాలి. తలని అస్సలు తాకకుండా పక్కనుంచి పోయినా, రెండోవైపుకన్నా బాగా తక్కువ కోసినా తల జారిందని అనుమానం. దీన్ని క్లైన్ లైను అంటారు. గ్రోత్ ప్లేట్ ఆ వైపు వెడల్పుగా, అంచులు మసకగా ఉండటం ఇంకా ముందే కనపడే గుర్తు. జారడం ఎక్కువగా వెనక్కి ఉంటుంది కాబట్టి మొదటి దశలో తిన్నటి ఫోటో మోసం చేస్తుంది, పక్క నుంచి తీసిన ఫోటోలోనే పట్టుబడుతుంది. అయితే కాలు అసలు ఆనించలేని పిల్లాడికి కప్ప భంగిమ బలవంతంగా పెట్టకూడదు, ఇంకా జారిపోతుంది, కాలు కదపకుండా పక్క నుంచి తీసే పద్ధతి వేరే ఉంది, టెక్నీషియన్‌ని అదే తీయమనండి.

అనుమానం వచ్చిన నిమిషం నుంచి పిల్లాడిని నడవనివ్వొద్దు. చక్రాల కుర్చీ అడగండి. "ఈడిదాకా నడిచే వచ్చినాడు గదన్నా" అంటారు, నడిచే స్థితిలో ఉన్నప్పుడే ఒక స్క్రూ వేసి తలని ఉన్నచోట నిలబెడితే చాలామందికి బాగుంటుంది. ఒక వైపు జారాక రెండో వైపు కూడా జారే పిల్లలు తక్కువేం కాదు, గ్రోత్ ప్లేట్ మూసుకునేదాకా రెండో తుంటినీ కనిపెట్టుకుని ఉండాలి.

తాత నాయనమ్మల ఫిల్ము తేడాగా ఉంటే

పిల్లాడి ఫిల్ముతో పాటు ఇంట్లో పెద్దవాళ్ళ పాత ఫిల్ము కూడా తెచ్చి "మా నాయనకి ఎముకలు ఎంత తెల్లగా గట్టిగా ఉన్నాయో" అని చూపించేవాళ్ళు కనిగిరి, పొదిలి, దర్శి వైపు నుంచి వస్తుంటారు. ఆ తెలుపు బలం కాదు, ఫ్లోరైడ్ నీళ్ళది. మన దేశంలో ఎముకల ఫ్లోరోసిస్‌ని మొదట బయటపెట్టింది ఈ పల్లెల్లోనే, 1937లో షార్ట్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్ళు. అప్పటికి ఆ ఊళ్ళు నెల్లూరు జిల్లాలో ఉండేవి, 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడ్డాక అటు పోయాయి. ఫిల్ములో పెల్విస్, వెన్నుపూసలు సుద్దలా తెల్లబడి లోపలి గీతలు కలిసిపోతాయి, పెల్విస్ ఎముకల్ని కలిపి పట్టుకునే కట్లు (లిగమెంట్లు) కూడా గట్టిపడి ముళ్ళలా కనపడతాయి, ముంజేతిలో రెండు ఎముకల మధ్య పొర గట్టిపడుతుంది. నడుము వంగదు.

పిల్లల్లో ఫ్లోరైడ్‌కి తోడు కాల్షియం తక్కువైతే గ్రోత్ ప్లేట్ దగ్గరే తేడా వస్తుంది, గీత వెడల్పయి, ఎముక చివర దొప్పలా లోపలికి గుంటపడి, అంచులు కుచ్చులు ఊడినట్టు కనపడతాయి. రికెట్స్‌లో కనపడేది కూడా ఇదే, తుంటి కన్నా మోకాలు, మణికట్టు ఫిల్ముల్లో బాగా తెలుస్తుంది. కాళ్ళు దొడ్డిగా వంగుతున్న పిల్లకి ఒక్క ఎక్స్‌రేతో సరిపెట్టకుండా విటమిన్ డి, కాల్షియం పరీక్ష, తాగే బోరు నీళ్ళ పరీక్ష కూడా చేయించండి. లీటరుకి 1 మిల్లీగ్రాము దాకా ఫ్లోరైడ్ ఉంటే ఫర్వాలేదని, వేరే నీళ్ళు లేనప్పుడు 1.5 దాటకూడదని మన దేశపు ప్రమాణం.

ఫిల్ములు దాచుకోవడం

తిరుపతి బర్డ్ ఎముకల ఆసుపత్రికో, చెన్నైకో వెళ్ళేటప్పుడు చివరి ఫిల్ము ఒక్కటే తీసుకుపోతారు. అన్నీ తీసుకుపోండి, మొదటిది ముఖ్యంగా. ఫిల్ములు మడవొద్దు, చుట్ట చుట్టి రబ్బరు బ్యాండు వేయొద్దు, మడత పడ్డ చోట ఏర్పడే గీత రేపు ఎవరికైనా పగులులా కనపడుతుంది. పరుపు కింద తిన్నగా పెట్టుకున్నా చాలు, ఎండ తగలకూడదు, బీరువా పైన వేడికి ఒకదానికొకటి అంటుకుపోతాయి. తీసిన రోజే సీడీ కానీ పెన్‌డ్రైవ్‌లో కానీ అసలు ఫైలు అడిగి తీసుకోండి, డైకామ్ ఫైలు కావాలి అని ఆ పేరుతోనే అడగండి, వాట్సాప్‌లో పంపిన ఫోటోలో గ్రోత్ ప్లేట్ అంచులు సగం చెరిగిపోతాయి. ప్రతి కవరు మీద తేదీ, బిడ్డ వయసు నెలలతో సహా, ఏ కాలు నొప్పి అన్నది పెన్నుతో రాసిపెట్టండి. ఎదురుగా కూర్చున్న డాక్టరు మొదట అడిగేది అదే.